గాలిమోటరులో మామకో సీటు

ఆ రోజుల్లో నాకు భయం ఎక్కువ, బరువు తక్కువ. ఇప్పుడు ఆ రెండూ స్థానాలు మార్చుకున్నాయి. బహ్రెయిన్‌లోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా చెక్కపని దుకాణానికి వచ్చేవాళ్ళు "ఉస్తాద్" అని పిలిచినప్పుడల్లా నేను ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. (మొదట్లో నిజంగానే వెనక ఎవరినో పిలుస్తున్నారనుకునేవాణ్ణి. ఇప్పుడు అలవాటు కొద్దీ తిరుగుతున్నాను, మెడకు వ్యాయామం.) ఒకప్పుడు నా వెనక నిజంగానే ఒక మనిషి ఉండేవాడు. ఆయన గురించీ, మేము కట్టిన ఒక విమానం గురించీ, ఆ విమానానికి నేను స్వహస్తాలతో బిగించిన బ్రేకు గురించీ చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. చదివేవాళ్ళు నవ్వుకోవచ్చు. మా రూములో ఆరుగురూ నవ్వారు, మాకు వీసాలిచ్చిన యజమాని కఫీల్ కూడా నవ్వాడు, కాకపోతే మూడు రోజులు ఆలస్యంగా. ఆ మూడు రోజుల కథే ఇది.

నేను ఇంటర్ తప్పి, ఇంట్లో తప్పించుకుని తిరుగుతున్న కాలంలో మా బాపు నన్ను ఒక ఏజెంటు ముందు నిలబెట్టాడు. మా ఊరివాళ్ళకు గల్ఫంతా దుబాయే కాబట్టి "పోరడు దుబాయి పోతాండు" అని అందరూ చెప్పుకుంటుండగా నేను వచ్చి బహ్రెయిన్‌లో దిగాను. వీసా మీద నా వృత్తి వడ్రంగి అని రాసి ఉంది. ఆ వారం ఏజెంటు దగ్గర మిగిలింది వడ్రంగి వీసానే. అంతకు ముందు వారం వెళ్ళి ఉంటే వంటవాణ్ణయ్యేవాణ్ణి. ఆ ప్రమాదం త్రుటిలో తప్పిపోయిన సంగతి బహ్రెయిన్ ప్రజలకు ఇప్పటికీ తెలియదు. అప్పటికి నాకు చెక్కతో ఉన్న పరిచయమల్లా బడిలో బెంచీ మీద పేరు చెక్కుకోవడం వరకే.

దుకాణంలో మేస్త్రి జగిత్యాల వైపు మనిషి. నాకు మామ వరస కాదు. మా ఊరి నుంచి ఆయన ఊరికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. కానీ పరాయి దేశంలో మొదటిరోజు కంచంలో అన్నం పెట్టి, "తిను అల్లుడా, ఉప్పెక్కువైతె చెప్పకు, వండింది నేనే" అన్న మనిషిని ఇంకేమని పిలుస్తాం? చెక్కను నున్నగా చేసే పనిముట్టును రందా అంటారు. అది పొద్దున లేచింది మొదలు ఆయన చేతిలోనే ఉండేది కాబట్టి అందరికీ ఆయన రందా మామ. "రందా చేతుల ఉంటె రంది ఉండదు రా" అనేవాడు. రంది అంటే మా వైపు దిగులు. నాకు మాత్రం రందా చేతిలోకి వచ్చాకే అసలు రంది మొదలయ్యేది.

మామ నేర్పే పద్ధతి వేరు. ఇది ఇలా చేయి, అది అలా కోయి అని ఒక్కనాడూ చెప్పలేదు. నన్ను బెంచీ ముందు నిలబెట్టి, వెనక స్టూలు మీద కూర్చునేవాడు. నేను రంపం తప్పు గీత మీద పెట్టగానే వెనకనుంచి "ఊఁ" అని ఒక శబ్దం వచ్చేది. దగ్గూ కాదు, మాటా కాదు. గొంతులో చిన్న తలుపు వేసిన చప్పుడు. నేను ఆగిపోయేవాణ్ణి. రంపం జరిపేవాణ్ణి. శబ్దం రాకపోతే కోసేవాణ్ణి. అలా ఏడాదిన్నర పాటు నేను చెక్కను చూసి కాదు, "ఊఁ" విని పని చేశాను. మామ స్నానానికి వెళితే నేను చాయ్ తాగడానికి వెళ్ళేవాణ్ణి. మామకు జలుబు చేసి గొంతు పోయిన వారం నేను చేసిన అల్మారానే మా కఫీల్ కంట పడింది.

కఫీల్ చెడ్డవాడు కాదు. వారానికి ఒకసారి వచ్చి, అన్నీ తట్టి చూసి, ఏమీ అర్థం కాకపోయినా తల ఊపి వెళ్ళేవాడు. ఆ రోజు ఆ అల్మారా తలుపు లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. అల్మారా మొత్తం ఆయనతోపాటు రెండడుగులు నడిచింది. "ఏమిటిది, అల్మారానా, బ్యాంకా?" అన్నాడు హిందీలో. తర్వాత మామ వైపు తిరిగాడు. మామ అప్పటికే వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్ళిపోతానని చెప్పి ఉన్నాడు. ఎడమ మోకాలు వంగడం మానేసి ఏడాదయింది. "నువ్వు వెళ్ళాక వీడేం చేస్తాడు? మా తమ్ముడికి మామీర్‌లో పైపులు మోసే మనుషులు కావాలట. అక్కడికి పంపిస్తాను" అన్నాడు కఫీల్. అప్పటికి నా బరువు యాభై కిలోలు లేదు. ఆ పైపుల పక్కన నన్ను నిలబెడితే ఏది పైపో కనుక్కోవడం కష్టమయ్యేది. మామ రందా కింద పెట్టి, "ఒక్క పని ఇయ్యి సాబ్. పోరడు ఒక్కడే చేస్తడు. మంచిగ రాకపోతె నువ్వన్నట్టే పంపు" అన్నాడు. కఫీల్ సరేనన్నాడు. నన్నెవరూ అడగలేదు. అడిగినా నేను వెనక్కి తిరిగి "ఊఁ" కోసం చూసేవాణ్ణి.

సరిగ్గా ఆ వారమే కెప్టెన్ బాబా వచ్చాడు. ఆయన కెప్టెనేమీ కాదు, విమానాశ్రయంలో ముప్పై ఏళ్ళు ఇంజన్లు బాగుచేసి రిటైరైన పెద్దమనిషి. తెల్లగడ్డం, నిటారు నడక చూసి ఆ బిరుదు మామ ఇచ్చాడు. ఆయనా కాదనలేదు. నువైద్రాత్‌లో ఆయనకు ఇల్లూ, ఇంటి వెనక ఖర్జూరాల దొడ్డీ ఉన్నాయి. చంకలోంచి ఒక చుట్ట తీసి బెంచీ మీద పరిచాడు. అందులో ఒక విమానం బొమ్మ, చుట్టూ కొలతలు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో సైన్యంలో పైలట్లకు శిక్షణ ఇచ్చిన విమానమట. పేరు చెప్పాడు, నాకు అప్పుడూ నోరు తిరగలేదు, ఇప్పుడూ తిరగదు. చెక్క ఎముకలు, పైన గుడ్డ చర్మం, పై రెక్క ఒకటి, కింది రెక్క ఒకటి. అసలు సైజులో చేసి దొడ్లో నిలబెట్టాలి, బడి పిల్లలు వచ్చి చూడాలి, అంతే. "ఎగరక్కర్లేదు" అని ఆయన మరీ మరీ చెప్పాడు. మామ ఆ కాగితం మీదికి వంగి, "ఎగరకుంట ఉండే గాలిమోటర్ అయితె మావోడు మస్తు చేస్తడు బాబా. వీడు చేసిన అల్మార తెర్సుకోకుంట ఉంటది, గాలిమోటర్ లేవకుంట ఉండదా?" అన్నాడు. అది మెచ్చుకోలని నేను ఆ రాత్రి దాకా అనుకుంటూనే ఉన్నాను.

పని నువైద్రాత్ దొడ్లోనే మొదలైంది. చలికాలం, ఎండ ముద్దుగా ఉండేది. మొదటి నెల మామ వెంట ఉన్నాడు. రెక్కల ఎముకలు, తోక, చక్రాలు, అన్నీ ఆయన "ఊఁ"ల మధ్యే నిలబడ్డాయి. గుడ్డ కుట్టే పని బాబా ఇంట్లో పనిచేసే రాజోలు అక్కది. ఆవిడ వంటా, ఇల్లూ చూసుకుని మధ్యాహ్నాలు మిషను ముందు కూర్చునేది. మొదటిరోజు రెక్క కొలత చూసి, "ఇదేం లంగా అండీ బాబూ, ఏనుగుకా?" అంది. మామకూ ఆవిడకూ భాష దగ్గరే రోజూ పేచీ. మామ "గా గుడ్డ జర గుంజు" అంటే, "గుంజడం ఏంటండీ, గుంజకేసి కట్టడానికి గేదా? లాగమనండి, లాగుతాను, ఆయ్" అనేది. మధ్యలో నేను అనువాదకుణ్ణి. తెలుగు నుంచి తెలుగులోకి.

రెక్కలు అయిపోయిన రోజున మామ చేతులు దులుపుకున్నాడు. "ఇగ సీటు, సీటెనక మూత, లోపలి సామాను, అన్ని నీయే. నేను రాను" అన్నాడు. నేను ఆయన వెంటపడ్డాను. "మామా, నువ్వు లేకుంటె నాతోని కాదే." "నేనుంటె నా నోరు ఆగది. నీతోని అయితదో లేదో ఎట్ల తెలుస్తది?" అని కుంటుకుంటూ వెళ్ళి బస్సెక్కాడు. ఆయనకు కాగితాల పనీ, సామాను సర్దే పనీ ఉన్నాయి. కెప్టెన్ బాబా అదే వారం ఉమ్రా యాత్రకు మక్కా వెళ్ళాడు, వచ్చేసరికి పదిరోజులు. దొడ్లో నేనూ, అక్కా, తల లేని విమానమూ మిగిలాం.

ఇక్కడ నా అప్పటి తెలివిని కాస్త వివరించాలి. ఆ నెలలోనే నేను డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. ఒకసారి పరీక్ష తప్పాను కూడా. (ఇంటర్ నుంచి నాకు ఆ విద్యలో మంచి అభ్యాసం.) బహ్రెయిన్‌లో నేర్పే కారులో ఉస్తాద్ పక్కన కూర్చుంటాడు. ఆయన కాలి కింద ఆయనకో బ్రేకు ఉంటుంది. నేను గోడ వైపు వెళుతుంటే ఆయన కళ్ళు మూసుకునే ఆ బ్రేకు తొక్కేవాడు. అంటే నేర్చుకునే బండి అన్నాక ఇద్దరుండాలి. నేర్చుకునేవాడొకడు, వాడి నుంచి లోకాన్ని కాపాడేవాడొకడు. ఇంత చిన్న రోడ్డు మీద నడిచే కారుకే అంత జాగ్రత్త ఉంటే, ఆకాశంలో నేర్చుకునే గాలిమోటరుకు ఒక్కటే సీటు ఎలా ఉంటుంది? బొమ్మను మళ్ళీ పరిచి చూశాను. ఒక్కటే సీటు. కానీ దాని వెనక, సరిగ్గా ఇంకో సీటు ఉండాల్సిన చోట, ఎవరో చాయ్ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఉంది. రెండో సీటు గీత ఆ మరక కింద చెరిగిపోయింది! కఫీల్‌కు తెలియదు, బాబా చూసుకోలేదు, నేనొక్కణ్ణే కనిపెట్టాను. మామీర్ పైపులు నా కళ్ళ ముందు ఒక్కొక్కటిగా దూరమయ్యాయి.

అక్కను సలహా అడిగాను. "అవును మరి! మా పెద్దమ్మాయికి సైకిలు నేర్పేటప్పుడు వెనకాల పట్టుకుని నేను మైలు దూరం పరిగెత్తలేదా? ఆకాశంలో వెనకాల పరిగెత్తడం కుదరదు కదా తమ్ముడూ, కూర్చోవాలి" అంది. వాదన అభేద్యంగా కనిపించింది. అప్పటికప్పుడు ఆవిడ రెండో సీటుకు మెత్త కూడా కుట్టడానికి ఒప్పుకుంది.

ముందు సీటు కాగితంలో ఉన్న కొలతలకు చేశాను. వెనక సీటుకు కొలతలు లేవు. గురువు కొలత ఎంత ఉంటుందని ఆలోచిస్తే నాకు తెలిసిన గురువు ఒక్కడే. అలా, ఎవరికీ చెప్పకుండా, మామ కొలతలకు చేశాను. ఆయన వీపు ఎక్కడ ఒంగుతుందో అక్కడ చెక్క ఒంచాను. ఎడమకాలు చాపుకోవడానికి ఆ పక్కన అడుగున్నర ఖాళీ వదిలాను. కుడికాలి కింద, దళసరి చెక్కతో, చక్కగా గరుకు కాగితం రుద్ది, ఒక బ్రేకు బిగించాను. తొక్కితే కిందికి వెళ్ళి పైకి వచ్చేది. దేనికీ తగిలించి లేదు, కానీ తొక్కడానికి చాలా హాయిగా ఉండేది. ఆ పదిరోజులూ వెనక "ఊఁ" లేదు. అయినా పని ఆగలేదు. ఎందుకంటే "ఊఁ" కూర్చునే చోటే కదా నేను చేస్తున్నది.

బాబా తిరిగి వచ్చిన మర్నాడు సోమవారం. కఫీల్ కారులో మామను కూడా తీసుకొచ్చాడు. బడి పిల్లలు గురువారం వస్తారు, మామ శుక్రవారం విమానం ఎక్కుతాడు. దొడ్లో విమానం నిలబడి ఉంది. ఎర్ర చక్రాలు, తెల్ల రెక్కలు. బాబా దూరం నుంచే "మాషా అల్లా" అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. (అప్పట్లో ఆ రెండంగుళాలు లెక్కలోకి వచ్చేవి.) దగ్గరికి వచ్చాడు. రెక్క నిమిరాడు. లోపలికి తొంగిచూశాడు. ఆయన చేయి ఆగిపోయింది.

"ఇది ఏమిటి?"

"ఉస్తాద్ సీటు, బాబా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలె బాబా. కాగితం మీద చెరిగిపోయింది. నేనే కనుక్కున్న."

బాబా ఇంకా వంగాడు. ఆయన చేతికి బ్రేకు తగిలింది. ఒకసారి నొక్కాడు. అది కిందికి వెళ్ళి పైకి వచ్చింది. "మరి ఇది?"

"బ్రేకు."

"ఆకాశంలో," అన్నాడు బాబా నెమ్మదిగా, "బ్రేకు." తర్వాత ఆ తెల్లగడ్డం కదలడం మొదలుపెట్టింది. ఆయన రెక్క పట్టుకుని, ఆ రెక్క ఊగేదాకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఒకసారి నొక్కి మళ్ళీ నవ్వాడు. అక్క వంటింటి గుమ్మంలోంచి మెల్లగా లోపలికి జారుకుంది. మెత్త తను కుట్టలేదన్నట్టు.

నవ్వు ఆగాక ఆయన నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. మొదట నేర్పేది ఇద్దరు కూర్చునే వేరే విమానంలోనట. అందులో ఉస్తాద్ ఉంటాడు, నీకు అనుమానం వస్తే ఆయన చెయ్యి వేస్తాడు. అది అయిపోయాక పిల్లవాణ్ణి దీంట్లో ఎక్కిస్తారు. దీంట్లో ఒక్కటే సీటు. అదే దీని ప్రత్యేకత. "ఉస్తాద్ కింద నేల మీద నిలబడి తలెత్తి చూస్తాడు. ఆ కాలంలో రేడియో కూడా లేదు. తప్పు చేస్తున్నావని ఆయనకు కనిపిస్తుంది. అరిచినా నీకు వినిపించదు. ఆయనకదే పరీక్ష, నీకు కాదు" అన్నాడు.

కఫీల్‌కు ఇవేవీ పట్టలేదు. ఒక్కటే అర్థమైంది, పని తప్పు వచ్చింది. "ఖలాస్" అన్నాడు నన్ను చూసి. "శనివారం నుంచి మామీర్." నేను మామ వైపు చూశాను. మామ అక్కడ లేడు. స్టూలు వేసుకుని, విమానం పక్క పట్టుకుని, ఒక్కో కాలూ ఎత్తి వెనక సీటులోకి దిగుతున్నాడు. దిగాడు. వీపు ఆనించాడు. ఎడమకాలు చాచాడు. అది నేను వదిలిన ఖాళీలోకి, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు, వెళ్ళి సరిపోయింది. ఏడాదిగా ఆయన ఏ కుర్చీలోనూ మూలగకుండా కూర్చోలేదు. ఇందులో మూలగలేదు.

"గీ కాలుకు జాగ యాడికెల్లి వచ్చింది రా?" అన్నాడు.

"నీ కొలతనే మామా."

మామ తుండుతో మొహం అంతా తుడుచుకున్నాడు, అంత చలిలో. బ్రేకు ఒకసారి తొక్కి చూశాడు. తర్వాత బాబాతో హిందీలో, "మూడు రోజులియ్యి బాబా. పోరడే తీస్తడు, పోరడే మూత పెడతడు. నేను చెయ్యి పెట్ట" అన్నాడు. బాబా కఫీల్ వైపు చూశాడు. కఫీల్ ఆకాశం వైపు చూశాడు. సరే, పిల్లలు వచ్చి వెళ్ళేదాకా ఆగుతానన్నాడు. అప్పుడు మామ నా వైపు తిరిగి, "అల్లుడా, నేను శుక్రారం పొయ్యే గాలిమోటర్ వేరేది. గిది నీది. దింపు నన్ను" అన్నాడు.

దింపాను. మనిషి అంత తేలిగ్గా ఉంటాడని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సీటు ఊడదీస్తుంటే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, బహుశా చాయ్ గ్లాసు మీద. మామ రోజూ నాతో వచ్చాడు. ఊడదీసిన సీటును ఖర్జూరచెట్టు కింద వేయించుకుని, కాలు చాపి, అక్క ఇచ్చిన చాయ్ పట్టుకుని కూర్చున్నాడు. "ఏం మేస్త్రి గారూ, సింహాసనం కుదిరిందా అండీ?" అని ఆవిడ అంటే, "మెత్త జర గట్టిగ కుట్టినవ్ బిడ్డా" అనేవాడు. అంతే. నాతో మాట లేదు. సీటు తీసిన చోట పెద్ద బొంద. దాని మీద పలచటి ప్లైవుడ్ గుండ్రంగా ఒంచి మూత వేయాలి, దాని మీద గుడ్డ కప్పాలి. ముక్క కోసేముందు నేను అలవాటుగా ఆగాను. చెవులు వెనక్కి పెట్టాను. చాయ్ జుర్రిన చప్పుడు తప్ప ఏమీ లేదు. సరే, కరెక్టే అన్నమాట అనుకుని కోశాను. ఆ ముక్క మాత్రం ఎందుకో ఒంగనని మొండికేసింది. తడిపాను, బతిమాలాను, పైకెక్కి కూర్చున్నాను. ఒక పక్క అణిస్తే ఇంకో పక్క లేచేది. వెనక్కి తిరిగి చూశాను. మామ గ్లాసులోకి చూస్తున్నాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు. "మామా, సరిగ్గనే ఉన్నదా?" అని నోరు తెరిచి అడిగాను కూడా. "నాకు యాడ కనవడ్తది రా గింత దూరం" అన్నాడు. (ఆయన అంతకు పదింతల దూరంలో బస్సు నంబరు చదివేవాడు.) ఇక చేసేదిలేక మేకుల మీద మేకులు కొట్టి దాన్ని లొంగదీశాను. బుధవారం సాయంత్రానికి అక్క గుడ్డ లాగి బిగించింది. లోపల ఏముందో దేవుడికి తప్ప ఎవరికీ కనపడదు.

గురువారం పిల్లలు వచ్చారు. నలభై మంది ఆ విమానం చుట్టూ తిరిగారు. ఒక చిన్న పిల్ల బాబాను ఏదో అడిగింది, బాబా నా వైపు చూపించాడు. "ఒక్కడే కూర్చుంటే భయం వేయదా?" అని అడుగుతోందట. నేను "వేస్తది" అన్నాను తెలుగులో. ఆ పిల్లకు అర్థమైనట్టే తల ఊపింది. కఫీల్ విమానం పక్కన నిలబడి ఫొటోలు దిగాడు. దిగుతూ దిగుతూ ఏదో గుర్తొచ్చినవాడిలా, "ఆకాశంలో బ్రేకు" అనుకుని, ఒక్కసారిగా పకపక నవ్వాడు. వెళ్తూ నా వీపు మీద ఒకటి చరిచి, "మా తమ్ముడికి ఇంకొకణ్ణి చూస్తాలే. యల్లా, శనివారం పొద్దున బెంచీ దగ్గర ఉండు" అన్నాడు. నేను తిరిగి మామను చూశాను. ఆయన తన సింహాసనం మీద కూర్చుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్ర అనుకున్నాను.

శుక్రవారం పొద్దున విమానాశ్రయంలో మామ సామానులో ఒక అట్టపెట్టె అందరికంటే పొడుగ్గా ఉంది. కౌంటర్లో అబ్బాయి మన హైదరాబాదు వైపు వాడే. "ఏముంది కాకా ఇండ్ల?" అన్నాడు. "సీటు" అన్నాడు మామ. "లోపల మేమిస్తం కదా కాకా సీటు!" "మీది మీరియ్యిండ్రి. గిది మా అల్లుడిచ్చింది." నాలుగు ముక్కలుగా విప్పి, రెండు దుప్పట్లలో చుట్టి, ఎప్పుడు కట్టుకున్నాడో నాకు తెలియనే తెలియదు. బ్రేకు కూడా వదల్లేదు. లోపలికి వెళ్ళేముందు నా చేతిలో తన రందా పెట్టాడు. "రంది పడకు" అన్నాడు. నేను శనివారం బెంచీ ముందు నిలబడి, మొదటి గీత మీద రంపం పెట్టి, చాలాసేపు అలాగే ఆగి ఉన్నాను.

ఆ తర్వాత పదహారేళ్ళు గడిచాయి. డ్రైవింగ్ పరీక్ష నాలుగోసారికి పాసయ్యాను. నువైద్రాత్ దొడ్లో ఆ విమానం ఇంకా ఉంది. కెప్టెన్ బాబా ఇప్పుడు చేతికర్రతో నడుస్తాడు. కానీ రోజూ సాయంత్రం దాని రెక్క కింద కూర్చుంటాడు. ఎండకూ ఉప్పుగాలికీ గుడ్డ చిరిగిపోతే మూడు నాలుగేళ్ళకోసారి నేనూ, రాజోలు అక్కా పైపైన అతుకులు వేసి వస్తుంటాం. పోయిన చలికాలం అతుకులు పనికిరావని తేలి, మొత్తం గుడ్డ విప్పేశాం. పాత గుడ్డ తీసినప్పుడు చెక్క ఎముకలు అలాగే ఉన్నాయి, నాకంటే సన్నగా. ఎందుకో ఒకసారి కూర్చుని చూడాలనిపించింది. అప్పట్లో వందసార్లు ఎక్కి దిగిన సీటే. ఎక్కాను. దిగాను. అంటే లోపలికి దిగాను. అక్కడ ఇరుక్కున్నాను. "పొట్ట లోపలికి పీల్చండి తమ్ముడూ, ఆయ్, ఇంకొంచెం, అబ్బే, అదంతా పొట్టేనా?" అంటూ అక్క ఒక చెయ్యి పట్టి లాగుతుంటే, రెండో చేతిలో ఫోను మోగింది. మామ. వీడియో.

ఆయన తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఆ సీటులోనే. మెత్త మారింది, కాలు అలాగే చాచి ఉంది. జుట్టంతా తెల్లబడింది. "యాడున్నవ్ రా?" అన్నాడు. "గాలిమోటర్ల ఇరుక్కున్న మామా" అన్నాను. ఆయన నవ్వి, "సూపియ్యి, ఎట్లున్నదో" అన్నాడు. ఫోను చుట్టూ తిప్పాను. రెక్కలు చూపించాను, తోక చూపించాను. భుజం మీదుగా వెనక్కి పెట్టి, గుడ్డలేని ఆ మూత చూపించాను, అదిగో అప్పుడు నీ సీటు ఉన్న చోటు అని.

ఫోనులోంచి వచ్చింది. "ఊఁ."

పదహారేళ్ళ తర్వాత విన్నాను దాన్ని. చెయ్యి దానంతటదే ఆగిపోయింది. మెడ తిప్పగలిగినంత తిప్పి ఆ చెక్క వైపు చూశాను, ఈసారి వడ్రంగి కళ్ళతో. ముక్కు నుంచి తోక వైపు పోవలసిన చెక్క గీతలు అడ్డంగా పోతున్నాయి. అందుకే అది ఒంగలేదు. అందుకే అన్ని మేకులు. బెంచీ ముందు నిలబడిన మొదటి నెలలో నేర్చుకోవలసిన సంగతి.

"మామా, గప్పుడు నీకు కనవడ్డదా?"

"కనవడకేం? ముక్క మీద రంపం పెట్టకముందే కనవడ్డది. కండ్లు మూసుకుంటె గూడ కనవడ్డది."

"మరి చెప్పలేదేందే? అన్ని మేకులు కొట్టిచ్చినవ్ గద నాతోని!"

మామ కుడికాలు కొద్దిగా కదిపాడు. కింద ఏదో చెక్క కిందికి వెళ్ళి పైకి వచ్చిన చప్పుడు ఫోనులో సన్నగా వినిపించింది.

"చెప్తె నేను మల్ల గాలిమోటర్ల ఎక్కినట్టే గద రా" అన్నాడు. "చాయ్ తాగుడెంత కష్టమో గా మూడు దినాలు నాకు తెలుసు. సరే గని, గా మూత ఇప్పుడన్న మారుస్తవా?"

"మార్చ. అట్లనే ఉండనీ" అన్నాను.

ఆయన మళ్ళీ "ఊఁ" అంటాడేమోనని ఆగాను. అనలేదు. ఆ పక్కన ఎవరో అన్నానికి పిలిస్తే, "ఉంటా అల్లుడా" అని ఫోను పెట్టేశాడు. అక్క మళ్ళీ కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోయింది. యాభై కిలోలు కూడా లేని ఒక పిల్లవాడు ఎప్పుడో కొట్టిన వంకర మేకులకు వీపు ఆనించి, నేను ఇంకాసేపు ఆ ఒంటి సీటులో అలాగే కూర్చున్నాను. (దిగడం చేతకాలేదన్నది వేరే విషయం.)